ఆగి మళ్లీ సాగే ఫంక్షన్లు: భాషలో కంటిన్యుయేషన్లకు పునాది ఎలా వేయాలి

ఒక ఫంక్షన్ సగంలో ఆగాలి. దాని లోకల్ వేరియబుల్స్, దాన్ని పిలిచినవాళ్ల వరస, తర్వాత నడవాల్సిన ఇన్‌స్ట్రక్షన్ ఏమాత్రం చెదరకుండా ఉండాలి. ఈలోపు ప్రాసెసర్ ఇంకో పని చూసుకోవాలి. కాసేపయ్యాక, ఒక్కోసారి వేరే థ్రెడ్ మీద, ఆ ఫంక్షన్ ఆగిన చోటి నుంచే సాగాలి. అలా ఆగిన చోటు నుంచి ఇక జరగాల్సిన పనినే కంటిన్యుయేషన్ అంటారు. జనరేటర్లు, అసింక్-అవెయిట్, గో భాషలోని గోరూటీన్లు, ఎఫెక్ట్ హ్యాండ్లర్లు (ఫంక్షన్ మధ్యలో ఆగి అడిగినదాన్ని బయటి నుంచి తీర్చి, మళ్లీ సాగించే కోడ్) అన్నిటికీ ఆధారం ఈ ఒక్క సామర్థ్యమే. కొత్త భాష తయారుచేసేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు దీన్ని ఎదుర్కోక తప్పదు.

ఇక్కడ చాలామందికి టెన్షన్ పెట్టేది అసెంబ్లీ. కానీ ఒక పని నుంచి ఇంకోదానికి స్విచ్ చేసే కోడ్ పది పదిహేను ఇన్‌స్ట్రక్షన్లలో అయిపోతుంది, ఒకసారి రాసి పరీక్షిస్తే మళ్లీ ముట్టుకునే పని ఉండదు. ఏళ్ల తరబడి వెంటాడేవి వేరే ఉన్నాయి. ఆగిన పనిని ఎన్నిసార్లు కొనసాగించవచ్చు? దాని స్టాక్ (కాల్‌ల వరస, లోకల్ వేరియబుల్స్ ఉండే మెమరీ) ఎవరి సొంతం? ఎవరూ కొనసాగించకుండా వదిలేస్తే ఏమవుతుంది? మధ్యలో సీ భాషలో రాసిన ఫంక్షన్ ఉంటే ఎలా? వీటికి మొదట్లో ఇచ్చిన జవాబులే ఆ భాషలో తర్వాత ఏం సాధ్యమో, ఏం అసాధ్యమో తేల్చేస్తాయి.

స్విచ్‌లో జరిగేది ఇంతే

నడుస్తున్న ప్రోగ్రాం స్థితి ప్రాసెసర్ లోపలి రిజిస్టర్లలో, స్టాక్‌లో, హీప్‌లో (ఫంక్షన్ ముగిసినా మిగిలే డేటా ఉండే మెమరీలో) ఉంటుంది. హీప్ అందరికీ ఉమ్మడి కాబట్టి దాని జోలికి వెళ్లక్కర్లేదు. స్టాక్‌ను ఉన్నచోటే ఉంచి ఇంకో స్టాక్‌కు మారితే చాలు. మిగిలింది రిజిస్టర్లు. అన్నిటినీ దాచాలంటే భారమే: ఏవీఎక్స్-512 ఉన్న మెషీన్‌లో ఒక్క వెక్టర్ రిజిస్టర్లే 2 కిలోబైట్లు. కెర్నెల్‌కు ఆ భారం మోయక తప్పదు, టైమర్ ఇంటరప్ట్ ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర వస్తుందో దానికి తెలీదు కనుక.

భాషకు ఆ ఇబ్బంది లేదు. స్విచ్ అంటే ప్రోగ్రాం తనంతట తాను చేసే ఒక ఫంక్షన్ కాల్. ఏ కాల్‌కైనా కాలింగ్ కన్వెన్షన్ ఉంటుంది: కొన్ని రిజిస్టర్లను పిలిచినవాళ్లు కాపాడుకోవాలి, కొన్నిటిని పిలిపించుకున్న ఫంక్షన్ కాపాడాలి. ఎక్స్86-64 మీద లినక్స్, మ్యాక్ పాటించే సిస్టం-వీ పద్ధతిలో రెండో రకం ఆరే: ఆర్‌బీఎక్స్, ఆర్‌బీపీ, ఆర్12 నుంచి ఆర్15 వరకు. మిగతా రిజిస్టర్లలో పనికొచ్చే విలువ ఏదైనా ఉంటే కంపైలర్ దాన్ని కాల్‌కు ముందే స్టాక్ మీద పెట్టేసి ఉంటుంది. అందుకని స్విచ్ చేసేది ఇదీ: ఆ ఆరింటినీ పాత స్టాక్ మీద పెట్టడం, స్టాక్ పాయింటర్‌ను ఒక చోట రాసుకోవడం, కొత్త స్టాక్ పాయింటర్‌ను ఎక్కించడం, అక్కడున్న ఆరింటినీ తీసుకోవడం, రిటర్న్ అవ్వడం. ఎక్కడికి రిటర్న్ అవ్వాలో కాల్ ఇన్‌స్ట్రక్షన్ ఎప్పుడో ఆ స్టాక్ మీద రాసే ఉంచింది. ఆగిపోయిన పని మొత్తానికి ఒక్క పాయింటర్ చాలు, అది ఎంత లోతున ఆగినా సరే.

64-బిట్ ఏఆర్ఎం మీద జాబితా కాస్త పెద్దది: ఎక్స్19 నుంచి ఎక్స్30 వరకు, వాటికి తోడు డీ8 నుంచి డీ15 వరకు. విండోస్‌లో ఎక్స్86-64 మీదే ఆర్‌డీఐ, ఆర్ఎస్ఐ, పది వెక్టర్ రిజిస్టర్లు అదనంగా వస్తాయి. అంతేకాదు, ప్రస్తుత స్టాక్ పై హద్దు, కింది హద్దు ఎక్కడున్నాయో విండోస్ ఒక్కో థ్రెడ్‌కు విడిగా రాసి ఉంచుకుంటుంది. స్టాక్ మారిస్తే ఆ రెండు అంకెలూ మార్చాలి. మార్చకపోయినా ప్రోగ్రాం మామూలుగా నడుస్తూనే ఉంటుంది, ఎక్సెప్షన్ వచ్చిన రోజు మాత్రం కూలిపోతుంది. ఫ్లోటింగ్ పాయింట్ రౌండింగ్ విధానం ఉండే కంట్రోల్ రిజిస్టర్ కూడా కన్వెన్షన్ ప్రకారం కాపాడాల్సిందే. భాషలో దాన్ని మార్చే దారే లేకపోతే వదిలేయవచ్చు, ఆ నిర్ణయం మాత్రం తెలిసి తీసుకున్నదై ఉండాలి.

వేగం విషయంలో ఒక చిన్న సంగతి పెద్ద తేడా తెస్తుంది. ఆధునిక ప్రాసెసర్లు ప్రతి కాల్‌కూ తిరిగి రావాల్సిన చోటును లోపల ఒక చిన్న జాబితాలో గుర్తుపెట్టుకుని, రిటర్న్ వచ్చేసరికి దాన్నిబట్టి ముందే అంచనా వేస్తాయి. స్విచ్ తర్వాత రిటర్న్ వేరే స్టాక్‌కు వెళ్తుంది కాబట్టి ఆ అంచనా తప్పుతుంది. అందుకే కొన్ని అమలులు రిటర్న్ వాడకుండా, చిరునామాను రిజిస్టర్‌లోకి తీసుకుని అక్కడికి జంప్ చేస్తాయి. కంపైలర్ మన చేతిలోనే ఉంటే ఇంకో మెట్టు పైకి వెళ్లవచ్చు: స్విచ్‌ను విడి ఫంక్షన్‌గా పెట్టకుండా పిలిచిన చోటే కోడ్‌లో కలిపేసి, "ఇక్కడ అన్ని రిజిస్టర్లూ చెరిగిపోతాయి" అని కంపైలర్‌కు చెప్పడం. అప్పుడది ఆ క్షణంలో నిజంగా అవసరమున్న విలువలనే దాస్తుంది. ఆరుకు బదులు ఒకటో రెండో ఉండవచ్చు, అసలు ఏవీ లేకపోవచ్చు.

ఆగినదాన్ని కొనసాగించడం తేలిక. ఎప్పుడూ నడవని దాన్ని మొదలుపెట్టడంలోనే కాస్త నేర్పు కావాలి. కొత్త స్టాక్ మీద, అప్పటికే ఒకసారి ఆగినట్టు కనిపించే ఫ్రేమ్‌ను (ఒక ఫంక్షన్ కాల్‌కు స్టాక్ మీద ఉండే భాగాన్ని) చేత్తో తయారుచేయాలి: ఆరు రిజిస్టర్లకు చోటు, దాని పైన మొదలయ్యే ఫంక్షన్ చిరునామా. స్టాక్ 16 బైట్లకు సరిపడేలా అమరి ఉండాలి. ఎనిమిది బైట్లు తేడా వస్తే చాలా ఫంక్షన్లు మామూలుగానే నడిచి, వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్ వాడే ఏదో ఒక లైబ్రరీ ఫంక్షన్ దగ్గర ప్రోగ్రాం చచ్చిపోతుంది. ఈ బగ్‌ను వెతకడానికి పట్టే సమయం చూస్తే, మొదటి రోజే ఆ అమరికను తనిఖీ చేసే అసర్ట్ ఒకటి పెట్టుకోవడం ఎంత మేలో అర్థమవుతుంది.

ఇవన్నీ చేసే లైబ్రరీ ఫంక్షన్లు యూనిక్స్‌లో ఉన్నాయి కదా, మేక్‌కాంటెక్స్ట్, స్వాప్‌కాంటెక్స్ట్ వాడుకోవచ్చు కదా అనిపిస్తుంది. అవి ప్రతి స్విచ్‌లోనూ సిగ్నల్ మాస్క్‌ను (ఏ సిగ్నళ్లను ఆపి ఉంచాలో చెప్పే జాబితాను) కూడా మారుస్తాయి. లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో దానికోసం సిస్టం కాల్ చేస్తారు, కొన్ని నానోసెకన్లలో అయ్యే పని దాంతో ఎన్నో రెట్లు బరువవుతుంది. పైగా యూనిక్స్ వ్యవస్థలకు ఉమ్మడిదైన పోసిక్స్ 2008 ప్రమాణం నుంచి వాటిని తీసేశారు. భాష రన్‌టైమ్ రాసేటప్పుడు సొంత అసెంబ్లీయే మేలు.

కొనసాగించేది ఎంతవరకు, ఎన్నిసార్లు

ఇంతవరకు చెప్పింది యంత్రం వైపు నుంచి. భాష వైపు నుంచి చూస్తే ఆగిన పనికి పేరు కంటిన్యుయేషన్: ఈ చోటు నుంచి ఇక జరగాల్సిన మిగతా లెక్క. దీన్ని ప్రోగ్రామర్ చేతికి మామూలు విలువలా ఇచ్చిన భాషల్లో అందరికీ తెలిసింది స్కీమ్. అందులోని కాల్-సీసీ, ప్రోగ్రాం చివరి వరకు జరగాల్సిన మొత్తాన్ని పట్టుకుంటుంది. సిద్ధాంతపరంగా అందంగా ఉంటుంది కానీ వాడుకలో ఇబ్బంది పెడుతుంది. ఒక లైబ్రరీ తన పని మధ్యలో ఆగాలనుకుంటే, దాన్ని పిలిచిన అప్లికేషన్ మొత్తం ఆ కంటిన్యుయేషన్‌లో చిక్కుకుంటుంది. దాన్ని కొనసాగిస్తే ప్రస్తుత పని మొత్తం పక్కకు పోతుంది, విలువ తిరిగి రాదు.

అందుకే హద్దులున్న కంటిన్యుయేషన్లు వచ్చాయి. 1988లో మథియాస్ ఫెలైసెన్ ప్రాంప్ట్ అనే హద్దును ప్రతిపాదించారు, 1990లో ఒలివియే డాన్వీ, ఆంజై ఫిలిన్‌స్కీ షిఫ్ట్-రీసెట్ అనే జంటను ఇచ్చారు. ప్రోగ్రామర్ ఒక చోట హద్దు గీస్తాడు, లోపల ఎక్కడో ఆగినప్పుడు ఆ హద్దు వరకే పట్టుబడుతుంది. కొనసాగిస్తే మామూలు ఫంక్షన్‌లా విలువ తిరిగి వస్తుంది. యంత్రం వైపు కూడా ఇది చక్కగా అమరుతుంది. హద్దు గీసిన ప్రతిసారీ కొత్త స్టాక్ ముక్క మొదలుపెట్టి, దానికి తల్లి స్టాక్ ఎవరో రాసుకుంటే, ఆగడమంటే ఆ లంకెను తెంచడం, కొనసాగించడమంటే మళ్లీ తగిలించడం. ఫ్రేములను కాపీ చేసే పనే లేదు. ఈ రోజుల్లో కొత్త భాష హద్దులు లేని కంటిన్యుయేషన్‌ను మౌలిక సదుపాయంగా పెట్టడానికి మంచి కారణం కనిపించదు.

అసలు తర్జనభర్జన ఇంకోచోట ఉంది. పట్టుకున్న కంటిన్యుయేషన్‌ను ఒక్కసారే కొనసాగించనివ్వాలా, ఎన్నిసార్లైనా అనుమతించాలా?

ఎన్నిసార్లైనా అంటే చాలా వాటికి దారి తెరుచుకుంటుంది. సుడోకు లాంటి పజిల్‌లో ఒక గడి దగ్గర ఆగి, అదే చోటి నుంచి ఒకసారి 3 పెట్టి, అది కుదరకపోతే మళ్లీ అక్కడి నుంచే 7 పెట్టి సాగవచ్చు. వెతకడం, వెనక్కి రావడం, సంభావ్యతల లెక్కలు చాలా క్లుప్తంగా రాయవచ్చు. అందుకు చెల్లించే మూల్యం ఏమిటంటే, కొనసాగించిన ప్రతిసారీ ఫ్రేములు పాడవకుండా కాపీ తీయాలి. అంతకంటే పెద్ద మూల్యం అర్థంలో ఉంది. మధ్యలో ఒక ఫంక్షన్ ఫైల్ తెరిచి, చివర్లో మూసేలా రాసి ఉందనుకుందాం. కంటిన్యుయేషన్ రెండుసార్లు సాగితే ఒక్కసారి తెరిచిన ఫైల్ రెండుసార్లు మూసుకుంటుంది. ఆ ఫంక్షన్ రాసినవాళ్ల తప్పేమీ లేదు. తాము పిలిచిన ఫంక్షన్ ఒక్కసారే తిరిగి వస్తుందని నమ్మారు, అంతే. ఒక కోడ్ భాగంలోకి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు నడవాల్సిన పనులను చెప్పే డైనమిక్-విండ్ స్కీమ్‌లో ఉన్నా ఈ చిక్కు పూర్తిగా విడిపోదు: బయటికి వెళ్లడం తాత్కాలికమా శాశ్వతమా అన్నది దానికి తెలియదు.

కంపైలర్‌కు కూడా చిక్కే. మారే లోకల్ వేరియబుల్ స్టాక్ ఫ్రేమ్‌లో ఉంటే, కాపీ తీసిన ప్రతి ఫ్రేమ్‌కూ దానిదైన విలువ ఏర్పడుతుంది. ప్రోగ్రామర్ మాత్రం ఒకే వేరియబుల్ ఉందనుకుంటాడు. దీన్ని సరిచేయాలంటే మారే వేరియబుల్స్ అన్నిటినీ హీప్‌లో పెట్టాలి. అంటే ఈ సదుపాయం ఎన్నడూ వాడని కోడ్ కూడా దానికి అద్దె కడుతూ ఉండాలి.

డిసెంబర్ 2022లో వచ్చిన ఓక్యామల్ 5.0 ఎఫెక్ట్ హ్యాండ్లర్లను తెచ్చినప్పుడు ఒక్కసారే అన్న దారిని ఎంచుకుంది. రెండోసారి కొనసాగించబోతే ఎక్సెప్షన్ వస్తుంది. అప్పటికే లక్షల లైన్ల ఓక్యామల్ కోడ్ ఫంక్షన్లు ఒక్కసారే తిరిగి వస్తాయన్న నమ్మకం మీద నడుస్తోంది కాబట్టి ఇది సరైన నిర్ణయమే. హాస్కెల్ పరిస్థితి వేరు. అక్కడ విలువలు మారవు, సైడ్ ఎఫెక్టులు టైపుల్లో కనబడతాయి. 2023లో వచ్చిన హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ 9.6 హద్దులున్న కంటిన్యుయేషన్లను మౌలిక ఆపరేషన్లుగా చేర్చి, ఎన్నిసార్లైనా కొనసాగించనిచ్చింది. పట్టుకునేటప్పుడు ఫ్రేములను హీప్‌లోకి కాపీ చేస్తుంది. రెండు నిర్ణయాలూ ఆయా భాషల స్వభావానికి తగ్గట్టే ఉన్నాయి. ఒకదాన్ని చూసి ఇంకోదాంట్లో యథాతథంగా పెట్టుకుంటే దెబ్బతినడం ఖాయం.

ఒక్కసారి మాత్రమే అంటే శక్తి బాగా తగ్గిపోతుందని అనుకోనక్కర్లేదు. లూవా భాష రూపకర్తల్లో ఒకరైన రొబెర్తో యెరుజాలింస్కీ, ఆనా లూసియా డి మౌరా 2009లో ప్రచురించిన పరిశోధనలో, సొంత స్టాక్ ఉన్న అసౌష్టవ కోరూటీన్లు (ఆగినప్పుడు తమను పిలిచినవాళ్ల దగ్గరికే వెళ్లి, మళ్లీ సాగగలిగే ఫంక్షన్లు), ఒక్కసారి కంటిన్యుయేషన్లు ఒకదానితో ఇంకోదాన్ని నిర్మించగలిగేంత సమానమని చూపించారు. థ్రెడ్లు, జనరేటర్లు, అసింక్, ఎక్సెప్షన్లు అన్నిటికీ అది సరిపోతుంది. సరిపోనిది వెనక్కి వచ్చి వెతికే పనులకు. వాటికోసం భాష అంతటినీ బరువు చేయడం కంటే, అలాంటి పనికి విడిగా ఒక లైబ్రరీ రాసుకోవడం నయం.

ఒక్కసారి అన్న నియమం ఎగువ హద్దును చెబుతుంది. మరి దిగువ హద్దు? ఎవరూ ఎప్పటికీ కొనసాగించకపోతే ఆ స్టాక్‌లో తెరిచి ఉన్న ఫైళ్లు, పట్టుకున్న లాక్‌లు అలాగే ఉండిపోతాయి. గార్బేజ్ కలెక్టర్ మెమరీని వెనక్కి తీసుకోగలదు కానీ "చివర్లో మూసెయ్" అని రాసిన కోడ్‌ను నడపదు. ఓక్యామల్ దీన్ని ప్రోగ్రామర్ బాధ్యతగా పెట్టి, సాయంగా డిస్‌కంటిన్యూ అనే ఆపరేషన్ ఇచ్చింది: విలువతో కొనసాగించే బదులు ఆగిన చోట ఎక్సెప్షన్ విసరడం. దాంతో ఆ స్టాక్ తన శుభ్రత తాను చేసుకుంటూ ముగుస్తుంది. మౌలిక ఆపరేషన్లలో ఇది లేకపోతే పని రద్దు చేయడానికి సరైన దారే ఉండదు. చాలా డిజైన్లలో దీన్ని తర్వాత అతికించడం చూస్తాం, మొదటి నుంచే ఉండాల్సింది ఇది. ఓనర్‌షిప్ టైపులున్న భాషైతే ఇంకా ముందుకెళ్లి, కంటిన్యుయేషన్‌ను సరిగ్గా ఒక్కసారి ఖర్చు చేయాల్సిన విలువగా టైప్ చెకర్‌తోనే చెప్పించవచ్చు.

స్టాక్‌కు చోటు ఎక్కడిది

డబ్బంతా ఖర్చయ్యేది ఇక్కడే అనవచ్చు. లినక్స్‌లో మామూలు థ్రెడ్ స్టాక్‌కు సాధారణంగా 8 మెగాబైట్ల చిరునామా స్థలం కేటాయిస్తారు. వాడినంత మేరకే నిజమైన మెమరీ ఖర్చవుతుంది. అదే పద్ధతిలో లక్ష ఫైబర్లు (సొంత స్టాక్‌తో ఆగి సాగే పనులు) పెడితే 800 గిగాబైట్ల చిరునామా స్థలం. ఎక్స్86-64లో ప్రోగ్రాంకు దొరికే 128 టెరాబైట్లతో పోలిస్తే అది సమస్య కాదు. సమస్య వేరేచోట తగులుతుంది. ఒక్కో స్టాక్ చివర, పొంగితే పట్టుకోవడానికి, ముట్టుకోకూడని పేజీ ఒకటి పెడతారు. దాంతో ఒక్కో స్టాక్ కెర్నెల్ లెక్కలో రెండు మ్యాపింగ్‌లవుతుంది. లినక్స్ ఒక ప్రాసెస్‌కు సాధారణంగా ఇచ్చే మ్యాపింగ్‌ల పరిమితి 65,530. అంటే 32 వేల ఫైబర్లు దాటగానే మెమరీ ఎంత ఖాళీగా ఉన్నా కేటాయింపు విఫలమవుతుంది. పైగా కనీసం ఒక పేజీ, అంటే 4 కిలోబైట్లు, ముట్టుకోకుండా ఫైబర్ మొదలవదు, ఒకసారి లోతుకు వెళ్లిన స్టాక్ ఆ పేజీలను తనంతట వదలదు. కొన్ని వేల ఫైబర్లు చాలనుకునే భాషకు ఈ పద్ధతే మంచిది, సీ కోడ్‌తో ఏ పేచీ లేకుండా కలిసిపోతుంది. లక్షలు కావాలంటే వేరే దారి చూడాలి.

గో భాష చరిత్ర ఈ విషయంలో గొప్ప పాఠం. మొదట్లో అది ముక్కల స్టాక్ వాడింది: చోటు చాలకపోతే ఇంకో ముక్క తెచ్చి లంకె వేయడం, పని అయ్యాక వదిలేయడం. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఒక లూప్‌లో పదే పదే పిలిచే ఫంక్షన్ సరిగ్గా ముక్క అంచు మీద పడిందంటే, ప్రతి కాల్‌కూ ముక్క తేవడం, వదలడం. ఎక్కడో సంబంధం లేని ఫంక్షన్‌లో ఒక వేరియబుల్ చేర్చినందుకు ఇంకో లూప్ నెమ్మదించేది, కారణం కోడ్‌లో కనబడేది కాదు. 2014లో వచ్చిన గో 1.3 ఆ పద్ధతిని వదిలేసి, చోటు చాలనప్పుడు రెట్టింపు సైజు స్టాక్ తీసుకుని పాతదాన్ని మొత్తంగా అందులోకి కాపీ చేయడం మొదలుపెట్టింది. అదే ఏడాది గో 1.4 ఆరంభ సైజును 2 కిలోబైట్లకు తగ్గించింది. రస్ట్ కూడా ముక్కల స్టాక్‌ను ప్రయత్నించి 2013లో వదులుకుంది.

కాపీ పద్ధతికి ఒక గట్టి షరతు ఉంది. స్టాక్ జరిగితే స్టాక్ లోపలికి చూపించే ప్రతి పాయింటర్‌నూ సరిదిద్దాలి. అందుకు అవి ఎక్కడెక్కడున్నాయో కంపైలర్‌కు కచ్చితంగా తెలియాలి. గోకు తెలుసు, ఎందుకంటే ఫ్రేమ్ దాటి బతికే వేరియబుల్స్‌ను అది హీప్‌కు పంపేస్తుంది, మిగతావాటి పటం దాని దగ్గర ఉంటుంది. సీ, సీ++, రస్ట్ లాంటి భాషల్లో లోకల్ వేరియబుల్ చిరునామాను ఎవరైనా ఎక్కడైనా దాచుకోవచ్చు, కాబట్టి అక్కడ స్టాక్‌ను కదపడం కుదరదు. "మా భాషలో స్టాక్ ఫ్రేమ్‌ను కదపవచ్చా?" అన్నది డిజైన్ మొదటి వారంలోనే తేల్చుకోవాల్సిన ప్రశ్న.

జావా ఇంకో దారి పట్టింది. సెప్టెంబర్ 2023లో జేడీకే 21తో ఖరారైన వర్చువల్ థ్రెడ్లు మామూలు థ్రెడ్ స్టాక్ మీదే నడుస్తాయి. ఆగినప్పుడు వాటి ఫ్రేములు హీప్‌లోని ఆబ్జెక్టులోకి కాపీ అవుతాయి. ప్రతిసారీ కాపీ అంటే ఖరీదైన వ్యవహారంలా కనిపిస్తుంది. ఆ ఖర్చు తగ్గించే యుక్తి కొనసాగించడంలో ఉంది: పైనున్న కొద్ది ఫ్రేములనే వెనక్కి తెస్తారు, మిగతావి హీప్‌లోనే ఉంటాయి. నడుస్తూ నడుస్తూ తేని ఫ్రేమ్‌లోకి రిటర్న్ అవ్వబోతే అక్కడ పెట్టిన అడ్డంకి దాన్ని పట్టుకుని, ఇంకొన్ని ఫ్రేములు తెస్తుంది. లోతైన స్టాక్ ఉన్నా, పదేపదే ఆగేది పై అంచు దగ్గరే అయితే ఖర్చు కొద్దిగానే ఉంటుంది. సర్వర్ ప్రోగ్రాముల్లో ఎక్కువగా జరిగేది అదే.

స్టాక్ అసలే వద్దనే దారీ ఉంది. నవంబర్ 2019లో 1.39తో స్థిరపడిన రస్ట్ అసింక్-అవెయిట్‌లో, సీ++20 కోరూటీన్లలో కంపైలర్ ఫంక్షన్‌ను స్టేట్ మెషీన్‌గా మార్చేస్తుంది. ఆగే చోట్లను దాటి బతకాల్సిన విలువలే ఒక స్ట్రక్చర్‌లోకి వెళ్తాయి. మెమరీ పొదుపులో దీన్ని మించింది లేదు, రస్ట్‌లో సైజు కూడా కంపైల్ సమయానికే తెలుస్తుంది. స్టాక్ పెట్టుకునే వెసులుబాటు లేని చిన్న చిప్‌ల మీద కూడా నడుస్తుంది. కానీ ఆగగలిగే ఫంక్షన్లు, ఆగలేని ఫంక్షన్లు అని భాష రెండుగా చీలుతుంది. లిస్ట్‌లోని ప్రతి మూలకం మీదా ఒక ఫంక్షన్‌ను నడిపే మామూలు మ్యాప్‌కు ఆగే ఫంక్షన్‌ను ఇవ్వలేం, దానికి ఇంకో మ్యాప్ రాయాలి. రన్‌టైమ్ ఉండకూడదన్న భాషకు ఈ చీలిక భరించదగ్గదే. గార్బేజ్ కలెక్టర్, రన్‌టైమ్ ఎలాగూ ఉన్న భాష ఈ చీలికను ఎంచుకోవడం మాత్రం ప్రోగ్రామర్ల మీద అనవసర భారమే.

పరాయి ఫ్రేములు, పరాయి థ్రెడ్లు

లూవా వాడినవాళ్లకు "సీ కాల్ హద్దు దాటి యీల్డ్ చేయలేవు" అన్న ఎర్రర్ పరిచయమే. కోరూటీన్ లోపల లూవా సీ ఫంక్షన్‌ను పిలిచి, అది మళ్లీ లూవాను పిలిచి, అక్కడ ఆగబోతే మధ్యలో సీ ఫ్రేమ్ అడ్డుపడుతుంది. లూవా ఫ్రేములను ఇంటర్‌ప్రెటర్ తన సొంత డేటాగా ఉంచుకుంటుంది, సీ ఫ్రేమ్ మాత్రం ప్రాసెసర్ స్టాక్ మీద ఉంటుంది. లూవా 5.2లో, ఆగిపోయాక ఎక్కడి నుంచి సాగాలో చెప్పే ఇంకో ఫంక్షన్‌ను సీ కోడ్ ముందే ఇచ్చే ఏర్పాటు చేశారు. అంటే సీ రాసేవాళ్లు కంటిన్యుయేషన్‌ను చేత్తో రాస్తున్నారన్నమాట.

చిన్న స్టాక్‌లు వాడే భాషలకు బాధ ఇంకోలా ఉంటుంది. 2 కిలోబైట్ల స్టాక్ మీద సీ ఫంక్షన్‌ను పిలిస్తే, చోటు చాలుతుందో లేదో అది చూసుకోదు, పక్కనున్న మెమరీని తొక్కేస్తుంది. గో, ఓక్యామల్ రెండూ సీ కాల్ వచ్చినప్పుడు థ్రెడ్ అసలు స్టాక్‌కు మారి, కాల్ అయ్యాక వెనక్కి వస్తాయి. ఆ సీ కోడ్ తిరిగి భాషలోకి కాల్ చేసి, అక్కడ ఎవరైనా ఆగితే? తేల్చి చెప్పగలిగిన జవాబు ఒక్కటే: ఆ హద్దును దాటి పట్టుకోవడం నిషేధించి, స్పష్టమైన ఎర్రర్ ఇవ్వడం. జావాలో నేటివ్ ఫ్రేమ్ (సీ లాంటి భాషలో రాసిన ఫంక్షన్‌ది) మధ్యలో ఉంటే వర్చువల్ థ్రెడ్ తన కింద ఉన్న అసలు థ్రెడ్‌ను వదలకుండా పట్టుకునే ఉంటుంది. మొదట్లో సింక్రొనైజ్డ్ బ్లాకుల్లో కూడా ఇదే జరిగేది, చాలా ప్రోగ్రాముల్లో అనుకున్న లాభం రాలేదు. మార్చి 2025 నాటి జేడీకే 24లో సింక్రొనైజ్డ్ ఇబ్బంది తొలగింది, నేటివ్ ఫ్రేముల ఇబ్బంది ఉండిపోయింది.

ఒక థ్రెడ్ మీద ఆగిన పనిని ఇంకో థ్రెడ్ మీద కొనసాగించనిస్తే, కంపైలర్ నుంచే కనబడని ప్రమాదం వస్తుంది. థ్రెడ్-లోకల్ (ఒక్కో థ్రెడ్‌కు విడిగా ఉండే) వేరియబుల్ చిరునామా ఒక ఫంక్షన్ నడుస్తున్నంతసేపు మారదని ఆప్టిమైజర్ నమ్మి, ఒకసారి లెక్కగట్టి రిజిస్టర్‌లో ఉంచుకుంటుంది. మధ్యలో స్విచ్ జరిగి థ్రెడ్ మారితే ఆ చిరునామా పాత థ్రెడ్‌ది. సీలో చివరి ఎర్రర్ నంబరును ఉంచే ఎర్నో విలువ చదివే కోడ్ ఇలాగే పక్క థ్రెడ్ ఎర్రర్‌ను చదివేయవచ్చు. ఇలాంటి తప్పు ఆప్టిమైజేషన్ పెంచినప్పుడే, అదీ లోడ్ ఎక్కువగా ఉన్నప్పుడే బయటపడుతుంది. కాబట్టి కంపైలర్ ఇంటర్మీడియట్ కోడ్‌లో స్విచ్‌ను మామూలు కాల్‌లా చూపించకూడదు. "ఇక్కడ థ్రెడ్ గుర్తింపు మారిపోవచ్చు" అని చెప్పే ప్రత్యేక ఆపరేషన్‌గా ఉంచాలి.

గార్బేజ్ కలెక్టర్ విషయంలో ఒక అనుకూలత ఉంది. ఆగే చోట్లన్నీ కాల్ చోట్లే కాబట్టి, ఏ స్లాట్‌లో పాయింటర్ ఉందో చెప్పే పటాలు అక్కడ ఎలాగూ ఉంటాయి. ఆగి ఉన్న స్టాక్ మారదు కనుక ఒకసారి చూసి వదిలేయవచ్చు. జాగ్రత్త పడాల్సింది కలెక్టర్ ప్రోగ్రాంతో పాటే నడుస్తున్నప్పుడు: ఇంకా చూడని స్టాక్‌ను కొనసాగించే ముందు దాన్ని పూర్తిగా చూసెయ్యాలి, లేదంటే స్టాక్ మీద జరిగే రాతలకు బ్యారియర్ (రాతను కలెక్టర్‌కు తెలిపే కోడ్) లేనందువల్ల బతికున్న ఆబ్జెక్టు చేజారిపోతుంది. ఎక్సెప్షన్లు, బ్యాక్‌ట్రేస్‌ల సంగతి చెప్పాలంటే, తల్లి స్టాక్‌కు ఉన్న లంకెను డీబగ్గర్‌కు అర్థమయ్యే అన్‌వైండ్ సమాచారంలో (ఫ్రేములను వరసగా వెనక్కి ఎలా దాటాలో చెప్పేదాంట్లో) రాయాలి. ఇంటెల్ కొత్త ప్రాసెసర్లలో రిటర్న్ అడ్రసులకు ఇంకో రక్షిత స్టాక్ ఉండవచ్చు. అది పనిచేస్తున్న చోట మామూలు స్టాక్‌తో పాటు దాన్నీ మార్చకపోతే మొదటి రిటర్న్‌కే ప్రాసెసర్ ప్రోగ్రాంను ఆపేస్తుంది.

షెడ్యూలర్‌ను బయట ఉంచడం

మౌలిక ఆపరేషన్ల పని ఆపడం, సాగించడం. తర్వాత ఎవరు నడవాలి, ఏ థ్రెడ్ మీద, ఎవరికి ముందు వంతు అన్నవి వాటికి తెలియనవసరం లేదు. గోలో షెడ్యూలర్ రన్‌టైమ్‌లోనే కలిసిపోయి ఉంది, దాన్ని మార్చుకోవడం ప్రోగ్రామర్ వల్ల కాదు. ఓక్యామల్ ఎఫెక్టులు మాత్రమే ఇచ్చి షెడ్యూలర్లను లైబ్రరీలకు వదిలింది. అందుకే ఒకే భాషలో వేర్వేరు అవసరాలకు వేర్వేరు షెడ్యూలర్లు వచ్చాయి, వాటిలో చాలావరకు కొద్ది వందల లైన్లే. పరీక్షల కోసం ఎప్పుడూ ఒకే వరసలో నడిపే షెడ్యూలర్ రాసుకోవడం కూడా దీనివల్లే సాధ్యం. ఏకకాలిక ప్రోగ్రాముల్లో బగ్‌లను పట్టుకోవడానికి దాని విలువ ఇంతా అంతా కాదు.

బలవంతంగా ఆపడం మాత్రం లైబ్రరీలో పూర్తిగా సాధ్యం కాదు. ఫంక్షన్ కాల్ ఏదీ లేని లూప్ ఎప్పటికీ తనంతట ఆగదు. గో చాలాకాలం కాల్ చోట్లలోనే తనిఖీ చేస్తూ వచ్చి, ఫిబ్రవరి 2020లో వచ్చిన 1.14 నుంచి సిగ్నల్ పంపి ఆపడం మొదలుపెట్టింది. సిగ్నల్ ఎక్కడైనా రావచ్చు కాబట్టి అప్పుడు ఆరు రిజిస్టర్ల లెక్క చాలదు, అన్నిటినీ దాచాలి, పాయింటర్ పటాలు కూడా చాలా ఎక్కువ చోట్ల ఉండాలి. కొత్త భాష దీన్ని మొదట్లోనే తలకెత్తుకోవడం కంటే, లూప్ వెనక్కి తిరిగే చోట చిన్న తనిఖీ పెట్టుకుని సరిపెట్టుకోవడం మంచిది.

ఈ మొత్తం వ్యవహారంలో తప్పనిసరిగా కావాల్సింది ఎంత చిన్నదో, బ్రౌజర్లలో నడిచే కోడ్ రూపమైన వెబ్‌అసెంబ్లీకి వచ్చిన స్టాక్ స్విచింగ్ ప్రతిపాదన చూస్తే తెలుస్తుంది. వెబ్‌అసెంబ్లీలో స్టాక్‌ను ప్రోగ్రాం నేరుగా చూడలేదు, కాబట్టి పైన చెప్పిన అసెంబ్లీ యుక్తులేవీ అక్కడ చెల్లవు. ఎన్నో భాషలకు సరిపోయే ఇన్‌స్ట్రక్షన్లను ప్రమాణంలోనే పెట్టాలి. ఆ ప్రతిపాదన రూపకర్తలు తేల్చిన ముఖ్యమైన ఆపరేషన్లు ఇవి: ఫంక్షన్ నుంచి కంటిన్యుయేషన్ తయారుచేయడం, దాన్ని కొనసాగించడం, హద్దు వరకు పట్టుకుని ఆగడం, ఆగిన చోట ఎక్సెప్షన్ విసురుతూ కొనసాగించడం, తల్లి దగ్గరికి వెళ్లకుండా ఒకదాని నుంచి నేరుగా ఇంకోదానికి మారడం. చివరిది లేకపోతే షెడ్యూలర్ దగ్గర ప్రతి మార్పుకూ రెండు స్విచ్‌లు పడతాయి. కంటిన్యుయేషన్ ఒక్కసారికే చెల్లుతుంది, రెండోసారి వాడితే ట్రాప్, అంటే ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. షెడ్యూలర్ గురించి అందులో ఒక్క మాటా లేదు.